గట్టి పిండి

గుణుపూర్ స్టేషన్ రోడ్డులో మా ఫోన్ల కొట్టు.
బోర్డు ఒడియాలో, బిల్లు ఇంగ్లీషులో,
బేరం మాత్రం తెలుగులో.
ఆ బేరం నాది.

"పడినా పగిలినా పూచీ మాదే పిన్నీ"
అన్నాను దాలమ్మతో,
ఏడు వందల నలభై తొమ్మిది
ఫోను ధరలోనే కలిసిపోయేలా
గొంతు కాస్త తగ్గించి.
అది వేరే సరుకని చెప్పలేదు.
వద్దంటే మానేయొచ్చని చెప్పలేదు.
కాగితం వెనక చోడిగింజలంత అక్షరాల్లో
ఏవేవి వర్తించవో ఉంటుందనీ చెప్పలేదు.
నేనైనా చదివితే కదా.

రైలు గేటు దగ్గర దాలమ్మ బండి.
పొద్దుటి పాసింజరు కూత వేసేలోపు
రెండు వాయిలు దించేస్తుంది.
మూడో నెల, ముసురు పట్టిన రోజు,
డబ్బులు పడ్డాయో లేదో చూడబోతే
నూనె చెయ్యి జారి
ఫోను పిండి గిన్నెలో దిగబడింది.
కొంగున చుట్టి నా దగ్గరికే తెచ్చింది.
ఇంకెవరి దగ్గరికి తెస్తుంది?

ఒకటి నొక్కాను, నాలుగు నొక్కాను,
పాట విన్నాను.
చివరికి హిందీలో ఓ అమ్మాయి: "దేంట్లో పడింది?"
"గారెల పిండిలో."
"ద్రవమే కదండీ. ద్రవాలకు వర్తించదు."

తెలుగు చేసి చెప్పాను.
డబ్బు మాటే ఎత్తలేదు దాలమ్మ.
"నా పిండి పలచనేటిరా?
సుక్క నీరు పొయ్యకండా రుబ్బుతాను నాను.
ఉండ సేసి నీల్లల్లో ఏస్తే తేల్తాది,
గరిటి నిలబెడితే నిలబడతాది.
గట్టి పిండని రాసీ.
ఇంకోలా రాస్తే సంతకం ఎట్టను."

ఆ రాత్రి షట్టరు సగం దించి
కాగితం వెనక్కి తిప్పాను.
నాలుగో పేజీ, అడుగున:
కొన్న పదిహేను రోజుల్లో వద్దంటే
కట్టింది తిరిగి ఇస్తారట.
ఆ పదిహేను రోజులూ
ఆమె మా కొట్టు ముందు నుంచే నడిచింది.
రెండుసార్లు నాకు ఊరికే గారెలు పెట్టింది.

ఖాళీ డబ్బా అట్ట చింపి
నల్ల స్కెచ్చుతో రాశాను:
ఇది ఫోను కాదు, బీమా. వేరే డబ్బు.
వద్దనొచ్చు. పదిహేను రోజుల దాకా వద్దనొచ్చు.
నీళ్లకు రాదు. పోగొట్టుకుంటే రాదు.
కొనకముందు నన్ను చదివి వినిపించమనండి.

సాహుబాబుకి తెలుగు మాటే వచ్చు, రాత రాదు.
"కణ లేఖిచు?" అన్నాడు.
"ఆఫర్" అన్నాను.
అబద్ధం ఆడటం నాకు కొత్త కాదు కదా.

ఈ నెల ప్లాన్లు రెండే తెగాయి.
ఎందుకో అర్థంకాక
ఆయన ఊదొత్తులు మార్చాడు.

నిన్న దాలమ్మ వచ్చి
వేలు పెట్టి, కూడబలుక్కుని, అట్టంతా చదివింది.
"గట్టి పిండికి వస్తాదో రాదో
రాయనేదేటి?"

కంపెనీకి రాసి ఇరవై రోజులైంది.
అట్ట మీద
ఒక వరస ఖాళీగా ఉంచాను.