నాలుగింటిలోపు

మంగళవారం. బఫెలోలో పొద్దుటినుంచీ మంచు.
సాయంత్రం నాలుగింటిలోపు కాగితం లీగ్ ఆఫీసుకు చేరాలి.
పచ్చగీత కింద అయస్కాంతపు బిళ్లలు యాభై మూడు,
యాభై నాలుగోదానికి చోటు లేదు.

ప్రూయిట్ బిళ్లను ఎర్రగీత కిందికి జరిపాను.
జానెడు దూరం.
నాలుగు మ్యాచ్‌లు చాలన్నాడు డాక్టరు,
మోకాలిని ఎవరూ అడిగినట్టు లేదు.

జీతం నడుస్తుంది, ఇంటద్దె నడుస్తుంది,
అతనొక్కడే నడవడు.

ఖాళీలోకి టొలీడో నుంచి ఓ కుర్రాడు,
రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చాడు,
సంబరపడొచ్చో లేదో తేల్చుకోలేని మొహం.
పేరులో అక్షరాలు రెండుసార్లు చెప్పించుకున్నాను.

కారిడార్లో చంకకర్రల టకటక.
ప్రూయిట్ వచ్చి వాడి పక్కన కూలబడ్డాడు.
చెమట మరకల ఆటపుస్తకం తెరిచి
"మూడో డౌన్‌లో ఎడమవైపు వాడి భుజం అబద్ధమాడుతుంది,
పాదాలు చూడు" అన్నాడు.
కుర్రాడు పెన్ను వెతుక్కున్నాడు.
నాదే ఇచ్చాను.

మూడూ యాభై ఎనిమిదికి కాగితం వెళ్లిపోయింది.
యాభై మూడు. లెక్క సరి.

ఎర్రగీత కింద ఆ బిళ్ల
కొంచెం వంకరగా అతుక్కుంది.
సరిచేయబోయి
ఊరుకున్నాను.