కుడి అంచున గాట్లు

కనిగిరి బస్సు దిగి ఆయన
చర్చి దొడ్లోకి వచ్చేసరికి
రాయి మీద మిరపకాయలు ఎండుతున్నాయి.
ఎవరివో అడక్కుండానే
బ్రష్షు తీశాడు, టేపు తీశాడు.
వారసత్వ శాఖ అట.
మా రాళ్లవాగుపాలెంలో వారసత్వమంటే
ఎకరమో అరెకరమో,
దాని మీద నడిచే కోర్టు కాగితమో.
రాయి కూడా అవుతుందని
ఆ పూటే తెలిసింది.

మిరపకాయలు చేటలోకి ఎత్తుకుని
కరుణమ్మత్త గొణుక్కుంటూ పోయింది.

ఎత్తు మూడడుగులు. మార్కాపురం పలకరాయి.
బడిలో మేం ఉమ్మి పెట్టి చెరిపిన పలకలకి
పెద్దన్న లాంటిది.
ఏటా క్రిస్మస్‌కి పూసిన సున్నం
అక్షరాల్లోంచి పుల్లతో గీకి
ఆయన పైకి చదివాడు:
"ఈ పాలెమునుండి పదకొండుమంది
మహాయుద్ధమునకు వెళ్ళిరి.
అందు నలుగురు ప్రాణములిచ్చిరి."
అంతే. పేర్లు లేవు.
"పేర్లు ఎవరికైనా తెలుసా?" అన్నాడు.

మా జేజికి తెలుసు.
జేజి పోయి పందొమ్మిదేళ్లు.

ఈస్టరు తెల్లవారుజామున
ఎవరి సమాధుల దగ్గరికి వాళ్లు పోతుంటే
ఆమె ఈ రాయి ముందు నాలుగు కొవ్వొత్తులు నిలిపి
ఓబులు, హబక్కూకు, చిన గాలెయ్య అని
మూడు పేర్లు చెప్పి
నాలుగోదానికి పెదాలు మాత్రం కదిపేది.
మరిచిపోయిందో, చెప్పకూడదో.
నేను అడగలేదు. చలికి వణుకుతూ
ఇంటికెప్పుడు పోదామా అని చూసేదాన్ని.

వాళ్లు పోయిన దేశం
ఆమె నోట్లో మసపట్నం.
పదో తరగతిలో మ్యాపు చూసేదాకా
నేనది బందరే అనుకున్నాను.
తుపాకులివ్వలేదు వాళ్లకి.
తోలుపని తెలిసినోళ్లని
కంచరగాడిదల జీనులు కుట్టడానికి,
నీళ్ల తిత్తులు కుట్టడానికి
ఓడెక్కించారు.

తిరిగొచ్చిన ఏడుగురిలో ఒకడు
జేజి మామ, ఏసోబు.
వచ్చాక ఇంట్లో పడుకోలేదు.
రోజూ దీపాల వేళకి
రంపె పట్టుకొచ్చి ఈ రాయికి నూరేవాడు,
కొయ్యడానికి తోలు లేని రోజు కూడా.
దొర కేకలేశాడట.
పాస్టరు బతిమాలాడట.
కొత్తగా కాపురానికొచ్చిన జేజితో మాత్రం
ఒకే ఒక్కసారి అన్నాడట:
"తిత్తి పగిలిందమ్మా, ఇసకలో.
అతుకు కోద్దామంటే రంపె తెగలా.
చూస్తా ఉండగానే నీళ్లన్నీ ఇసక తాగేసింది.
హబక్కూకు నా మొగం చూశాడు గానీ
ఏమీ అన్లా.
అన్నా బాగుండు."

ఇదంతా ఆయనకి చెబుదామనుకునేలోపు
వీధి కొసన ట్యాంకరు హారన్ కొట్టింది.
రెండు బిందెలు పట్టుకుని ఉరికాను.
మా బోరునీళ్లు తాగితే పళ్లు పచ్చబడతాయి,
మోకాళ్లు వంగవు;
ట్యాంకరు తప్పితే మళ్లీ ఎల్లుండే.

తిరిగొచ్చేసరికి ఫారం నింపేస్తున్నాడు.
కాలం: వందేళ్లకు పైన.
ప్రాముఖ్యం: కలదు.
స్థితి: ఫర్వాలేదు.
నష్టం: కుడి అంచున లోతైన గాట్లు,
ఆకతాయిల పని.

బిందె దించాను. నీళ్లు తొణికి
ఆయన బూటు తడిసింది.
ఒక గాటులో బొటనవేలు పెట్టి చూశాను.
సరిగ్గా పట్టింది, లోపల నున్నగా ఉంది.
"ఇది నష్టం కాదు సార్.
ఆ మాట కొట్టెయ్యండి."
అప్పుడు చెప్పాను, తిత్తి సంగతి,
రంపె సంగతి, హబక్కూకు చూసిన చూపు.

ఆయన పెన్ను ఆపి విన్నాడు.
ఫారం తిరగేశాడు. మళ్లీ తిరగేశాడు.
"మరి ఏ గడిలో రాయమంటావమ్మా?"

కరుణమ్మత్త చేట చంకనేసుకుని
గేటు దగ్గర నిలబడి ఉంది.
"అయిందా? పొద్దు వాలిపోతోంది,
నా కాయలు ఆరొద్దూ."