సిరొంచ రేవులో

జల్లెడలో మిగిలింది ఉల్లిగడ్డంత రాయి.
పైన మొద్దు తోలు, బెల్లం మడ్డి రంగు.

మల్లుబాయి చెంపకు ఆనించింది.
"గాజు ఇంత సల్లగుండది."
సీసాపెంకు మీద గీసింది, గాటు పెంకుకే పడింది.
నాలుకతో తడిపి పొద్దుకు ఎదురు పట్టింది.

అప్పుడు తేలాయి చారలు,
ఒకదాని వెనక ఒకటి, ఒరుసుకోకుండా.
ఒక్కచోట మాత్రం అన్నీ వంగాయి,
ఏదో అడ్డమొచ్చినట్టు.

"నడిమి బోలు ఉండె.
నీళ్ళొచ్చినయి, కూసున్నయి, పోయినయి.
వచ్చినప్పుడల్లా ఒక పొర."

చంద్రపూర్ సేటు నాకమ్మిన సులేమానిలో
చారలన్నీ ఒకే కొలత,
పగుళ్ళలో రంగు చిక్కగా పేరుకుని ఉంటుంది.
మూడు వేలు.
ఆ మాట ఆమెకు చెప్పలేదు.

"పట్టుకో, బరువు చూడు" అంది.
ఉంగరమున్న చెయ్యి జేబులోనే ఉంచి
ఎడమ చెయ్యి చాచాను.