నీడలు: తక్కువ

బల్లార్‌పూర్‌ల మే నెల.
పొద్దంత కాంటా గదిల కూసుండి
బొగ్గు లారీల బరువు రాసి,
ఇంటికొచ్చి నేను మంచులో నడుస్త.

నవ్వకుండ్రి.
ముప్పై నాలుగేండ్లదాన్ని,
లాప్‌టాప్ నాదే, ఇంక ఏడు వాయిదాలున్నయి.
టైపింగు నేర్చుకుందామని కొన్న.
మా మరిది కొడుకు వచ్చి ఈ ఆట ఏసిచ్చి పోయిండు,
టైపింగు గట్లనే ఉన్నది.
ఆటల నాకు పేరు లేదు. ఒక గొంగడి కోటు,
ఒక కుంటి గుర్రం,
ఎటు చూసినా తెల్లటి కొండ.

ఆ మంచు పుట్టాల్నంటే
కింద మిషిను ఉడకాలె.
తొంభై నాలుగు. తొంభై ఆరు.
మూలకున్న చిన్న అంకె ఎర్రబడుతది.
మీటల మీద వేళ్ళు
పెనం మీద రొట్టె తిప్పినట్టు
ఎత్తెత్తి పెట్టాలె.
గప్పుడు అరవై ఫ్రేములు ఇరవై రెండైతయి.
గుర్రం కాలెత్తి
గాలిలనే ఆలోచిస్తది.

ఏం చెయ్యలే నేను?
పిండి జల్లెడ బోర్లేసి దాని మీద పెట్టిన.
కూలర్ ముందట పెడితే
తేమకు స్పీకర్ గొంతు బొంగురుపోయింది.
మా ఆయన దుర్గయ్య
పేపర్ మిల్లు రాత్రి షిఫ్టుకు చెప్పులేసుకుంట
"దానికింత మజ్జిగ పొయ్యి" అన్నడు.

ఆదివారం మడావి దుకాణంల విప్పిచ్చిన.
పదకొండు మరలు, ఒక మూత.
ఫ్యాను రెక్కల ఎనుక, రాగి గొట్టం పక్కన
నల్లటి చాప ఒకటి మందంగ పేరుకున్నది.
గోరుతో గీకి చూసి
"తాయీ, హా తర్ కోళ్‌సా" అన్నడు.
బొగ్గే.
ఏ లారీలోనూ తూగని బొగ్గు,
నేను ఏ చీటీలోనూ రాయని బొగ్గు,
నా కొంగు పట్టుకొనో, జడ పట్టుకొనో ఇంటిదాక వచ్చి
మంచుకొండ కింద కాపురం పెట్టింది.

బ్రష్షు పెట్టి దులిపిండు, ఎండిన పేస్టు తుడిచి కొత్తది పూసిండు,
రెండు వందల యాభై తీసుకున్నడు.
మెట్లు దిగుతుంటే ఎనుక నుంచి పిలిచి
"నీడలు తీసెయ్ తాయీ, బలమంత వాటికే పోతది.
నీడలు లేకుంటే ఉరుకుతది" అన్నడు.

ఆ రాత్రి తీసేసిన.
ఉరికింది. అబద్ధమెందుకు, అరవై రెండు.
చెట్టున్నది, చెట్టు కింద ఏం లేదు.
గుర్రం నేలకంటకుండ
అంటించిన బొమ్మలెక్క జారుకుంట పోతున్నది.
అది పొద్దుగాలనో మాపటీలనో
ఎంత తిరిగినా తెలువలే.

సోమారం.
నలభై ఆరు దాటిందని ఎవలో అన్నరు,
రేకుల గదిల నాకు వేరే చెప్పాల్నా.
కాంటా పక్కన యాపచెట్టు ఉండేది,
పోయినేడు దారి వెడల్పని కొట్టేసిండ్రు.
అప్పటిసంది లారీలు మలుపుల ఆగకుండ తిరుగుతయి,
గంటకు నాలుగు ఎక్కువ.
ఆ లెక్క రాసిందాన్ని నేనే.

కిటికీలకెళ్ళి చూస్తే ఓదెలు
తన లారీ నీడల గొంతుక్కూసుండి డబ్బా తింటున్నడు.
పొద్దు జరిగితే నీడ జరుగుతది,
నీడ జరిగితే డబ్బా జరుగుతది,
ఓదెలు జరుగుతడు.
చక్రం దాక వచ్చినంక జరిగే జాగ లేదు.
ఇంతల ఎనుక బండోడు హారను కొట్టిండు.
సగం రొట్టె పండ్ల కింద పట్టుకొని
ఎక్కి, తన నీడను తనే నడుపుకుంట
కాంటా మీదికి తెచ్చిండు.

ముప్పై నాలుగు టన్నుల రెండు వందల కిలోలు.
నీడకు బరువు లేదు, రాయలే.
చీటీ అందియ్యంగ
ఆయన చెయ్యి నా చెయ్యికి తాకింది,
రాత్రి నా మిషిను అడుగు ఎట్లుంటదో
గట్లనే ఉన్నది.
చల్లటి నీళ్ళ సీసా ఇచ్చిన. నెత్తి మీద పోసుకున్నడు,
తాగలే.

ఇంటికొచ్చి స్నానం గూడ చెయ్యకముందే
సెట్టింగులు తెరిచిన.
నీడలు: పూర్తి.
తొంభై మూడు. కానీ.
పందొమ్మిది ఫ్రేములు. కానీ.
గుర్రాన్ని తీస్కపోయి ఓ ముసలి చెట్టు కింద నిలబెట్టిన.
కొమ్మల నీడ దాని వీపు మీద
ముక్కలు ముక్కలుగ పడ్డది,
ఒక్కొక్క ముక్క ఆలోచించుకొని ఆలోచించుకొని
కదులుతున్నది.
వేళ్ళు మీటల మీదికెళ్ళి తీసేసిన.
ఇయ్యాళ
ఎక్కడికీ పోయేది లేదు.