ఉండాడు

పొద్దున ఏడింటికి, చెప్పులు విడిచే చోట,
తువ్వాలు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంటాడు.
అడిగేది ఒకటే:
"ఎట్టుండాడు మేడం?"

కొత్తలో అయితే సాచురేషన్ అనీ ఇన్ఫెక్షన్ అనీ
ఏదో చెప్పేదాన్ని.
వాళ్ళు తలూపి, బయటికెళ్ళి ఆయమ్మని అడిగేవాళ్ళు
బతుకుతాడా అని.
ఇప్పుడు నేనూ ఒక్క మాటే చెబుతాను.
"ఉండాడు."

మా నెల్లూరు మాటకి దండం పెట్టాలి.
బాగుండాడు అనే ధైర్యం లేని రోజున
ముందున్న కాస్త తీసేస్తే చాలు,
మిగిలింది అబద్ధం కాదు.

తొమ్మిది వందల ఇరవై గ్రాములు.
కేసుషీటులో పేరు లేదు, బేబీ ఆఫ్ రవణమ్మ.
పక్కనే సిరాతో పాదం ముద్ర,
నా బొటనవేలు పెడితే మూసుకుపోతుంది.

పెంచలయ్యకి అల్లూరు అవతల రొయ్యల గుంటల కాపలా.
సీపాప్ సీసాలో బుడగలు చూసి మొదటిరోజే అన్నాడు:
"రేత్రిళ్ళు గుంటలో ఏరేటర్లు తిప్పతామే, అట్టాంటిదేనా?"
అట్టాంటిదే.
హౌస్ సర్జన్లకి బొమ్మలు గీసి గీసి చెప్పే పాఠం.
కరెంటు పోతే తెల్లారేసరికి
రొయ్యలన్నీ పైకి తేలతాయని కూడా అతనికి తెలుసు.
అది అతను అనలేదు. నేనూ అనలేదు.

నరం దొరకబట్టేది ఇప్పుడు నేను కాదు.
ఎన్ని అద్దాలు మార్చినా ఆ సన్నటి దారం రెండుగా కనిపిస్తుంది.
హిమవర్షిణి వేళ్ళున్నాయి, సిస్టర్ సలోమి చెవులున్నాయి.
పెద్ద డాక్టరంటే చాలాసార్లు
చేతులు వెనక్కి కట్టుకుని నిలబడడం.
ఆ మందు వద్దు, ఇంకో గంట చూద్దాం, అనడం.
ఎప్పుడైనా,
ఇక చాలమ్మా, ఆపెయ్, అనడం.
అన్నాక ఆ పిల్ల చేతిలోంచి బ్యాగు నేనే తీసుకోవాలి.
తనంతట తను వదలదు.

మంగళవారం మూడో వార్మరు దగ్గర అలా అన్నాను.
ఉదయగిరి నుంచి వచ్చినవాళ్ళు.
"లేడు" చాలా చిన్న మాట,
తీసెయ్యడానికి ముందు ఏమీ ఉండదు.
ఇంటికెళ్ళి చింతకాయ పచ్చడితో అన్నం తిన్నాను.
తిన్నందుకు సిగ్గుపడే వయసు దాటిపోయింది.

బుధవారం రాత్రి వాయుగుండం.
అండర్ బ్రిడ్జిలో నడుంలోతు నీళ్ళు,
కారు వదిలేసి నడిచొచ్చాను.
రెండున్నరకి కరెంటు పోయింది.
జనరేటరు అందుకోవడానికి పదకొండు సెకన్లు పడుతుంది.
పన్నెండు. పదమూడు.
బుడగల చప్పుడు ఆగిన గదిని
అంతకుముందు నేనెప్పుడూ వినలేదు.
తొమ్మిది మంది పిలకాయలు, నలుగురం మేము,
నోట్లో కరుచుకున్న సెల్‌ఫోన్ల వెలుగు.
నొక్కు, రెండు, మూడు. నొక్కు, రెండు, మూడు.

గాజు తలుపు అవతల పెంచలయ్య.
లోపలికి రావద్దన్నాం కాబట్టి రాడు.
"డీజిలుండాదా మేడం?"
ఎవరం పలకలేదు.
కాళ్ళ చప్పుడు మెట్లు దిగిపోయింది.

వాచ్‌మన్ మస్తాన్ తర్వాత చెప్పాడు:
ఇంజనుకి గాలి పట్టిందంట.
గుంటల కాడ మోటార్లు విప్పిన చెయ్యి కదా,
పైపు నోట్లో పెట్టి పీల్చి, డీజిలు ఉమ్మి,
మళ్ళీ పీల్చాడంట.
మనిషికి కావలసింది ఇంజనుకి పడకపోవడం ఏంది మేడం,
అని నవ్వాడు మస్తాన్. నాకు నవ్వు రాలేదు.
పద్నాలుగు నిమిషాలు.
గడియారం చూడలేదు, నొక్కులే లెక్కపెట్టాను.
ముందు మానిటర్లు వెలిగాయి,
తర్వాత ఒక్కో సీసా మాట్లాడింది.

పొద్దున ఏడింటికి డీజిలు కంపుతో నిలబడ్డాడు.
సలోమి గొణుక్కుంటూ
సబ్బిచ్చి రెండుసార్లు స్నానానికి తరిమింది.
తర్వాత చొక్కా విప్పించి, కుర్చీలో వాల్చి,
బిడ్డని రొమ్ము మీద బోర్లా పడుకోబెట్టాం, ట్యూబులతో సహా.
ఊపిరి తీయడానికి కూడా భయపడ్డాడు,
తీయవయ్యా, వాడికి నేర్పేది నువ్వే అన్నాను.

అవతలి బ్లాకులో ఫిట్స్ తగ్గి కళ్ళు తెరిచిన రవణమ్మ
నర్సు ఫోన్లోంచి ఏదో అడిగింది.
అతను ఉన్నిటోపీ వంక చానాసేపు చూశాడు.
"ఉండాడు" అన్నాడు.

పది గ్రాములు తగ్గాడని చెప్పలేదు.
నేనూ గుర్తుచెయ్యలేదు.