టికెట్ లేని ప్రయాణికులు

వల్పరైసోలో ట్రాలీబస్సు నడుపుతాను.
అర్హెంటీనా వీధి నుంచి పాత కస్టమ్స్ కచేరీ దాకా, మళ్ళీ వెనక్కి.
రోజుకి తొమ్మిది గంటలు కూర్చునే ఉద్యోగం.
నాకు కూర్చోవడమే కష్టం.

సీటు మీద గుండ్రటి రబ్బరు దిండు చూసి
"మొలలా, నెల్దా?" అన్నాడు డిపోలో ఒస్వాల్దో.
ఔనన్నాను.
మొలలకి కాస్త మర్యాద ఉంది.
నా జబ్బున్న చోటికి పేరు కూడా లేదు.
అమ్మ "కింద" అనేది.
నేను "అక్కడ" అంటే
డాక్టరు నా ముఖం వంకే చూస్తూ ఫంగస్ మందు రాసేవాడు.
పదకొండేళ్ళు,
పదకొండేళ్ళు ఫంగస్ మందు!

రాత్రి రెండింటికి దురద లేచి కూర్చుంటుంది.
చర్మం సిగరెట్ కాగితం,
గోరు తగిలితే చిరుగు.
విడివిడిగా ఉన్న మడతల్ని
ఎవరో చీకట్లో కుట్టేసి పోయినట్టు అతుక్కుపోయాయి.
రొహేలియో తన దుప్పటి పక్కగదిలోకి మార్చుకున్నాడు,
కోపంతో కాదు, జాలితో.
కోపమైతే తిరిగి అరిచేదాన్ని.

తర్వాత ఒక్కొక్కరే ఎక్కారు నా బండి.
అలసట ముందు తలుపులోంచే ఎక్కింది, దర్జాగా.
థైరాయిడ్ అన్నారు, పరగడుపున మాత్ర ఇచ్చారు.
వేళ్ళ కణుపుల మీద తెల్లమచ్చలు ఎక్కాయి.
చిల్లర అందుకునేవాళ్ళు
నా వేలు తగలకుండా అందుకోవడం నేర్చుకున్నారు.
తలలో వంద పెసోల బిళ్ళంత నున్నటి చోటు,
దువ్వెన చెప్పింది ముందు.
ఉచ్చ ఆపుకోలేక
ప్రతి మలుపుకీ లెక్క: ఇంకెన్ని స్టాపులు?
వానాకాలం పొద్దున్నే
ఒళ్ళంతా ఎవరో రోకలితో దంచి వదిలినట్టు నొప్పి.
ఆఖర్న ఒకటి ఎక్కి వెనక సీట్లో కూర్చుంది.
దానికి ఏడుపూ రాదు, నవ్వూ రాదు.
ఎప్పుడు దిగుతుందో చెప్పదు.

ఒక్కోదానికి ఒక్కో భవనం, ఒక్కో ఫైలు,
తెల్లారకముందే ఒక్కో క్యూ.
ఇది ప్రాణం తీసే జబ్బు కాదులే అని
మానం గురించి ఎవరూ అడగలేదు.

మంత్రసాని యనీరా అడిగింది.
మా వాడ ఆరోగ్యకేంద్రానికి కొత్త. ఇరవై ఆరేళ్ళుంటాయేమో.
దీపం దగ్గరికి లాక్కుని
చూసింది. అంతే,
పదకొండేళ్ళలో మొదటిసారి ఒకరు చూశారు.
"లైకెన్" అంది.
రాతిపువ్వు!
మా కొండ మెట్ల గోడలకి పట్టే తెల్లటి పూత.
ఫైలు తెరవకుండానే మళ్ళీ అడిగింది:
థైరాయిడ్ ఉందా? మచ్చలు? జుట్టు?
ఉచ్చకి వెంటవెంటనే లేస్తావా?
నిద్ర? మనసు?
నా బండిలో ఎవరెవరున్నారో
ఎక్కకుండానే చదివేసింది పిల్ల.
"వీళ్ళకి ఒకరికొకరు తెలుసు, సెన్యోరా.
కొందరు రక్తసంబంధం, కొందరు ఇరుగుపొరుగు.
నీ ఒంటి కాపలావాడే
నిన్ను దొంగ అనుకుంటున్నాడు."

అద్దం నేల మీద పెట్టుకుని
యాభై ఎనిమిదేళ్ళకి నన్ను నేను చూసుకున్నాను.
వేలికొసంత మందు, ఎక్కువ కాదు, తక్కువా కాదు.
దురద సగం దిగింది.
అతుక్కున్నది విడిపోదట.
తక్కినవాళ్ళు దిగరు, కానీ ఇప్పుడు పేర్లు తెలుసు.
తీగ నుంచి కడ్డీ జారితే
దిగి, తాడు లాగి, మళ్ళీ తగిలించినట్టు
రోజూ కొంచెం.

నిన్న అయిదో ట్రిప్పులో
ఒక ముసలామె సీటిస్తే వద్దంది,
స్తంభం పట్టుకుని నిలబడింది.
అప్పుడు గుర్తొచ్చింది.
చర్చిలో అమ్మ ఎప్పుడూ నిలబడే ఉండేది.
ఎంత భక్తి అనుకునేవాళ్ళం.
భోజనాల దగ్గరా నిలబడే. ఎంత ఓపిక అనుకునేవాళ్ళం.
మెడ దగ్గర వాపు, చేతుల మీద తెల్లమచ్చలు,
తలుపు వేసుకుని మాతికో ఆకు కషాయంతో కడుక్కోవడం,
ఆ వాసన.

అడ్డుదారిలో లారీ ఉంది, బండి ఆపాను.
అద్దంలో ఆమె ఇంకా నిలబడే ఉంది.
కూర్చోమని
ఈసారి అనలేదు.
మలుపులన్నీ నెమ్మదిగా తిప్పాను.