కొలబద్ద

త్యాన్‌షాన్‌లో ఈ కనుమకు నీళ్లు లేవు.
గులకరాళ్లున్నాయి, పావురం గుడ్లంత నునుపు.
జూరకాన్ ఒకటి ఏరి నా అరచేతిలో పెట్టింది.
"ఎవరు మోసుకొచ్చారో చెప్పు చూద్దాం."
నది కిందెక్కడో, నూరు నిలువుల లోతున,
మమ్మల్ని ఎరగనట్టు దక్షిణానికి పోతోంది.

ముప్పై ఏళ్లుగా ఆమె కొలువు ఇదే:
పొద్దున ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ
రంగు వెలిసిన కొలబద్ద ముందు వంగడం,
నీటి మట్టం పుస్తకంలో ఎక్కించడం.
సర్కారు మారింది. అట్ట మీద భాష మారింది.
లోపల గడులు అవే.

ఒకప్పుడు ఈ నది ఉత్తరానికి పోయేదట.
దారిలో నేల ఉబ్బింది.
నది తప్పుకోలేదు, లేచినంతా కోసింది.
కత్తిపీట కదలదు కదా,
కాయే దాని మీదికి వస్తుంది.

తర్వాత కొన్నేళ్లకు
(మనం పుట్టినరోజులు లెక్కపెట్టుకునే ఏళ్లు కావు)
వానలు తగ్గాయో, రాయి మొండికేసిందో,
కోత వేలెడంత వెనకబడింది.
అంతే.
అటు పక్క, పేరైనా లేని వాగొకటి
గట్టును తలవైపు కొరుక్కుంటూ వచ్చి
నది మెడ అందుకుంది.

ఉత్తరపు ఊళ్లకు వెడల్పాటి లోయ మిగిలింది,
అందులో గొర్రె గిట్ట తడవని ఊట.
భూగర్భం చదివిన కుర్రాడొకడు ఈ సంగతి చెప్పిపోయాక
పెళ్లిళ్లలో అటువైపు వియ్యాలవారు
"మా నదిని ఎత్తుకుపోయినోళ్లు" అని దెప్పుతారు,
జూరకాన్ వాళ్లకే మరో గిన్నె కుమిస్ పోస్తుంది.
మీసాల చేప మాత్రం రెండు వైపులా ఒకటే.
దాన్ని ఎవరూ గట్టు దాటించలేదు.

నదులన్నీ చివరికి సముద్రానికే అనబోయి ఆగాను.
ఇక్కడి నీళ్లు ఎటు పోయినా ఇసుకలో ఇంకుతాయి,
ఉప్పై తెల్లగా తేలతాయి.

మొన్న మార్చిలో భూమి కదిలింది.
పళ్లేలు గలగలమన్నాయి, కుక్క మొరగడం మానేసింది.
లాంతరు పట్టుకుని ఆమె ఏటికి పరుగెత్తింది.
కొలబద్ద మీద నాలుగు సెంటీమీటర్లు తక్కువ.
"నీళ్లు తగ్గాయా, నేల లేచిందా?
రాయడానికి గడి ఒక్కటే ఉంది మరి."
అంకె సిరాతో వేసింది.
పక్కన పెన్సిల్‌తో సున్నంత చిన్న కొండ గీసింది.
ఆఫీసువాళ్లు దాన్ని మరక అనుకున్నారు.

దిగబోతుంటే నా జేబు వైపు చెయ్యి చాచింది.
"రాయి ఇచ్చెయ్. అది ఇంకా ఊరు చేరలేదు."
తీసుకుని, ఏ పక్క నేలకు ఆనుకుని ఉండేదో గుర్తుపట్టి
ఆ పక్కే కిందికి పెట్టింది.